తెలుగు వత్తుల ప్యాచ్ మోస్తూ పోవాలా, అసలు వాళ్లు సరిచేసేదాకా ఆగాలా?

వత్తుల బాధితుడు (మాదాపూర్), సోమవారం రాత్రి 11:10

మా టీమ్‌లో పది రోజులుగా ఇదే పంచాయితీ. ఎంతకీ తేలడం లేదని ఇక్కడ పెడుతున్నా.

మేం డయాగ్నస్టిక్ సెంటర్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. బిల్లు మీద పేషెంటు పేరు, ఊరు తెలుగులో కూడా రావాలి. పీడీఎఫ్ తయారీకి జావాలో రాసిన ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీ (ఎవరైనా తీసుకుని వాడుకోగల రెడీమేడ్ కోడ్) వాడుతున్నాం. ఇంగ్లిష్‌కి ఏ లోటూ లేదు. తెలుగు దగ్గరికొచ్చేసరికి ఒక్కో కోడ్‌కి ఒక్కో బొమ్మ పెట్టుకుంటూ పోతుంది తప్ప, వత్తు కిందికి వెళ్లి కూర్చోవాలని దానికి తెలియదు. 'లక్ష్మి' అని ఇస్తే క్, ష్, మి మూడూ రేషన్ షాపు దగ్గర క్యూ కట్టినట్టు విడివిడిగా నిలబడతాయి. 2022లో మా సీనియర్ ఒకాయన ఓపికగా కూర్చుని దానికి హార్ఫ్‌బజ్ తగిలించారు. (ఏ అక్షరం ఏ రూపంలో ఎక్కడ కూర్చోవాలో ఫాంటును అడిగి తేల్చే లైబ్రరీ అది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్ అన్నీ దాన్నే వాడతాయి.) బిల్లులు ముత్యాల్లా వచ్చాయి. తర్వాత ఆయన ఉద్యోగం మారారు. అప్పటి ఒక్క ప్యాచ్ (వాళ్ల కోడ్ మీద మేం వేసుకున్న సొంత మార్పు) ఇప్పుడు 14 ప్యాచ్‌లు.

ఇప్పుడు లైబ్రరీకి కొత్త మేజర్ వెర్షన్ వచ్చింది. పాతదానికి ఇక సెక్యూరిటీ ఫిక్స్‌లు రావు. కొత్తదాని మీద మా 14లో 9 ప్యాచ్‌లు అతకడం లేదు. మేం పంపిన పుల్ రిక్వెస్ట్ (మా మార్పును మీ కోడ్‌లో కలుపుకోండని లైబ్రరీ వాళ్లకు పెట్టే అర్జీ) 11 నెలలుగా పడి ఉంది, ఒక్క కామెంట్ కూడా లేదు. మా మేనేజర్ గారేమో "అన్నీ తీసేయండి, వాళ్లు ఎప్పుడు చేస్తే అప్పుడే తెలుగు" అంటున్నారు. రేపు సిద్దిపేట సెంటర్ నుంచి ఫోన్ చేసి "మా పేషెంటు పేరు ఇట్ల ఇరిగిపోయిందేంది" అంటే ఆ ఫోన్ ఎత్తాల్సింది నేను.

మోయాలా, ఆగాలా?

రీబేస్ విరాగి, సోమవారం రాత్రి 11:52

మీ మేనేజర్ గారి మాటే కరెక్ట్ అంటాను, తిట్టుకున్నా సరే.

నేనూ ఒక డేటాబేస్ డ్రైవర్‌ని సొంతంగా మార్చుకుని మోసినవాణ్నే. మొదటి ఏడాది గర్వంగా ఉంటుంది. రెండో ఏడాది నుంచి ప్రతి అప్‌గ్రేడూ పెళ్లికెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టే. మూడో ఏడాదికి అప్‌గ్రేడ్ చేయడమే మానేశాం. ప్యాచ్ కన్నా ప్రమాదం అది. ప్యాచ్ ఎక్కడ ఊడిపోతుందోనన్న భయంతో పాత వెర్షన్‌లోనే కాపురం పెట్టేస్తాం.

పైగా వేరేవాళ్ల కోడ్ మనకు అర్థమైందని అనుకుంటాం. 2006లో డెబియన్ అనే లినక్స్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) ప్యాకేజీ చూసే ఆయన కూడా అలాగే అనుకున్నారు. వాల్‌గ్రైండ్ అనే టూల్ 'విలువ పెట్టని మెమరీ వాడుతున్నారు' అని గోల పెడుతుంటే, ఆ గోల ఆపడానికి రెండు లైన్లు తీసేశారు. అందులో ఒకటి, ర్యాండమ్ నంబర్లకు ముడిసరుకు పోసే లైన్. అది పోయాక లోపల మిగిలిన ముడిసరుకు ప్రాసెస్ నంబర్ ఒక్కటే, అది 32,768 దాటదు. అంటే ఆ కాలంలో డెబియన్, ఉబుంటుల్లో తయారైన ఎస్‌ఎస్‌హెచ్ కీలు (దూరంగా ఉన్న సర్వర్‌లోకి లాగిన్ అయ్యే తాళంచెవులు) ఒక్కో రకానికి, ఒక్కో సైజుకి ఆ కాసిని వేలల్లోనే ఉంటాయి. తీరిగ్గా కూర్చుంటే అన్నీ ముందే తయారు చేసి పెట్టుకోవచ్చు. 2008 మే 13న గానీ ప్రకటన రాలేదు. ఆయన గుట్టుగా చేసిన పనీ కాదు, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మెయిలింగ్ లిస్టులో అడిగే చేశారు. కానీ ఆ మార్పు అసలు ప్రాజెక్టులోకి పోలేదు. కోడ్ రాసినవాళ్లు దాన్ని తమ కోడ్‌గా ఒక్కసారి కూడా చదవలేదు.

నైట్‌షిఫ్ట్ నారదుడు, మంగళవారం తెల్లవారుజామున 3:20

విరాగి గారూ, ఆ కథ అందరూ చెబుతారు. ప్యాచ్ వల్ల గట్టెక్కిన కథలు ఎవరూ చెప్పరు. ఆ రాత్రి ఏమీ జరగదు కదా, చెప్పడానికేముంది?

నాది సర్వర్లు చూసే పని. 2021 డిసెంబర్ గుర్తుందా, లాగ్4జే? (జావా ప్రోగ్రాములు లాగ్‌లు రాయడానికి వాడే లైబ్రరీ, దాన్లో పెద్ద సెక్యూరిటీ కన్నం బయటపడింది.) 2.15.0 ఇచ్చారు, సరిపోలేదు. 2.16.0 ఇచ్చారు, దాన్లో ఇంకోటి బయటపడింది. 2.17.0 వచ్చేదాకా మా ఫ్లోర్‌లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. మేం మొదటి రాత్రే జావా కోడ్‌ని మూటకట్టే జార్ ఫైళ్లలోంచి, ఆ కన్నానికి కారణమైన జేఎన్‌డీఐ లుకప్ క్లాసును పీకి పారేశాం. అది సొంత ప్యాచ్ కాకపోతే ఏమిటి? వాళ్లు సరిచేసేదాకా ఆగుదాం అనుకుని ఉంటే కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినట్టే అయ్యేది.

అసలు కంపెనీలు వాడే ఎంటర్‌ప్రైజ్ లినక్స్ అంటేనే డౌన్‌స్ట్రీమ్ ప్యాచ్‌ల (అసలు ప్రాజెక్టు బయట వేసుకునే ప్యాచ్‌ల) మూట. రెడ్ హ్యాట్ కంపెనీ లినక్స్ 7లో కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కోడ్) పేరుకి 3.10. రెడ్ హ్యాట్ 7 2014లో వచ్చింది, 2024 జూన్ 30 దాకా మామూలు సపోర్ట్‌లో ఉంది. ఆ పదేళ్లూ కొత్త కెర్నల్స్‌లోంచి ఫిక్స్‌లు తెచ్చి దానికి అతుకులు వేస్తూనే ఉన్నారు. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లు 1.0.1జీ విడుదల చేశారు. రెడ్ హ్యాట్ మాత్రం 1.0.1ఈ నంబర్ అలాగే ఉంచి లోపల ఫిక్స్ పెట్టింది. ఆడిటర్ గారు స్కానర్ రిపోర్ట్ పట్టుకొచ్చి '1.0.1ఈ, డేంజర్' అని ఎర్ర ఇంకుతో గీశారు. నంబర్ పాతదే అయినా లోపల సరుకు కొత్తదని ఆయనకు నచ్చజెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులు కష్టమే, ఒప్పుకుంటా. కానీ ప్రపంచంలో సగం బ్యాంకులు ఇలాగే నడుస్తుంటే మీరు 'సొంత ప్యాచ్ పాపం' అన్నట్టు మాట్లాడతారేంటి?

పాత నోకియా, మంగళవారం ఉదయం 8:05

తెలుగు, ఆగడం రెండూ కలిస్తే నాకు 2018 ఫిబ్రవరే గుర్తొస్తుంది. ఐఫోన్‌కి 'జ్ఞా' అక్షరాన్ని మధ్యలో కనబడని ఒక గుర్తుతో కలిపి పంపిస్తే మెసేజ్ యాప్ ఢామ్మని పడిపోయేది. ఐఓఎస్ 11.2.5. అందులో మనం వేసే ప్యాచ్ ఏముంది, తలుపే లేని ఇల్లు అది. ఫిబ్రవరి 19న 11.2.6 వచ్చేదాకా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరూ జ్ఞానం గురించి మాట్లాడలేదు.

రీబేస్ విరాగి, మంగళవారం ఉదయం 9:40

😀

నారదుడు గారూ, రెడ్ హ్యాట్‌లో అతుకులు వేయడానికే జీతాలు తీసుకునే ఇంజినీర్లు ఉన్నారు. వాళ్ల వ్యాపారమే అది. వీళ్ల టీమ్‌లో ఎంతమంది ఉన్నారో అడగండి.

బాధితుడు గారూ, ఒక్క ప్రశ్న. ఆ 14లో ఒక్కోటి ఎందుకుందో ఇప్పుడు, రిపోజిటరీ (కోడ్ దాచుకునే చోటు) తెరవకుండా, చెప్పగలరా?

వత్తుల బాధితుడు, మంగళవారం మధ్యాహ్నం 1:15

టీమ్‌లో నలుగురం. ఈ లైబ్రరీ జోలికి వెళ్లేది నేనొక్కణ్నే.

నిజం చెప్పాలంటే తెరిచి చూసినా ఎనిమిదే చెప్పగలిగాను. ఒకదాని కమిట్ మెసేజ్ (మార్పుతో పాటు రాసే నోట్) 'ఫిక్స్'. ఇంకోటి 'ఫైనల్ ఫిక్స్'. దాని తర్వాతది 'ఫైనల్ ఫిక్స్ 2'. ఆరో ప్యాచ్ ఏం చేస్తుందంటే, ఓపెన్‌టైప్ అనే ఫాంటు ఫార్మాట్‌లో తెలుగుకు పాత స్క్రిప్ట్ ట్యాగ్ (ఈ లిపి రూల్స్ ఇక్కడున్నాయని చెప్పే గుర్తు) ఒకటి, కొత్తది ఒకటి ఉన్నాయి కదా, అన్ని ఫాంట్లకూ బలవంతంగా పాతదే వాడిస్తుంది. ఎందుకు? ఎవరికీ తెలియదు. తీసేద్దామంటే టెన్షన్, ఉంచుదామంటే సిగ్గు.

చిప్‌సెట్ చిట్టి, మంగళవారం సాయంత్రం 6:30

ఆ సిగ్గు మీ ఒక్కరిదే కాదులెండి. నేను ఫోన్ చిప్‌ల కెర్నల్ మీద పనిచేశాను. మా దగ్గర లినక్స్ కెర్నల్ మీద మోసిన సొంత కోడ్ లక్షల లైన్లు. చిప్ తయారుచేసే కంపెనీ కొంత కలుపుతుంది, ఫోన్ కంపెనీ దాని మీద ఇంకొంత పోస్తుంది. చివరికి మీ చేతిలోకి వచ్చే ఫోన్‌లో ఉన్నది ఎవరి కెర్నలో ఎవరికీ తెలియదు. మంచి హార్డ్‌వేర్ ఉన్న ఫోన్లు కూడా రెండేళ్లకే అప్‌డేట్లు రాక మూలనపడటానికి ఒక కారణం ఇదే. ఈ తలనొప్పి భరించలేకే గూగుల్ అందరికీ ఒకే కెర్నల్ అనే పద్ధతి తెచ్చింది. ఆండ్రాయిడ్ 12తో, 5.10 కెర్నల్‌తో వచ్చే ఫోన్ల నుంచి అది తప్పనిసరి. చిప్ కంపెనీల సొంత కోడ్ విడి మాడ్యూళ్లలో ఉండాలి, అసలు కెర్నల్‌ని ముట్టుకోకూడదు.

అలాగని విరాగి గారి పక్షం అనుకోకండి. రియల్ టైమ్ లినక్స్ ప్యాచ్‌ల (పని కచ్చితంగా అనుకున్న క్షణంలో జరిగేలా చేసేవి) సంగతి చూడండి. దాదాపు ఇరవై ఏళ్లు బయటే మోశారు. ఫ్యాక్టరీ యంత్రాలు, ఆడియో స్టూడియోలు ఆ ఇరవై ఏళ్లూ ఆగలేదు, ప్యాచ్ వేసుకుని వాడుకున్నాయి. కొంచెం కొంచెంగా అసలు కెర్నల్‌లోకి ఎక్కిస్తూ వచ్చారు. ఆఖరి ముక్క 2024 సెప్టెంబర్‌లో 6.12లోకి వెళ్లింది. వాళ్లు మోశారు, పంపారు, కాదంటే మళ్లీ రాశారు, మళ్లీ పంపారు. మోసిన ఇరవై ఏళ్లూ గమ్యం మాత్రం మారలేదు.

అనుమానం పక్షి, మంగళవారం రాత్రి 10:02

ఎక్స్‌జెడ్ సంగతి ఎవరూ ఎత్తరేం?

2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ బయటపెట్టాడు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అరసెకను ఆలస్యం అవుతోందేమిటని తవ్వితే, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ తలుపు దొరికింది. అది పెట్టింది అప్‌స్ట్రీమ్ మెయింటెయినర్లలో, అంటే అసలు ప్రాజెక్టు చూసేవాళ్లలో, ఒకరే. అంటే 'పైనుంచి వచ్చింది కాబట్టి మంచిదే' అనే నమ్మకానికి అక్కడే నీళ్లు వదలాలి.

కానీ కథలో రెండో సగం ఉంది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్లు చూసే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కి అసలు ఎక్స్‌జెడ్‌తో సంబంధమే లేదు. కొన్ని లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు, సర్వీసులను లేపే సిస్టమ్‌డీకి 'నేను లేచాను' అని చెప్పించడానికి సొంత ప్యాచ్ వేసి దాని లైబ్రరీ లిబ్‌సిస్టమ్‌డీని తగిలించాయి. దాని వెనకాలే ఎక్స్‌జెడ్ కూడా లోపలికి వచ్చింది. దొంగ దూరింది ఆ సందులోంచే. తర్వాత ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వాళ్లే 9.8లో ఆ పనిని ఏ లైబ్రరీ అక్కర్లేకుండా సొంతంగా రాసిపెట్టారు. ఆ కోరిక ముందే అప్‌స్ట్రీమ్‌లో తీరి ఉంటే ఆ సందే ఉండేది కాదు.

ఇంతకీ తప్పించుకున్నదెవరు? ఏ కొత్త వెర్షన్నీ తొందరపడి తీసుకోని డెబియన్ స్టేబుల్ వాడేవాళ్లు. మీ ఇద్దరి వాదనలూ వాళ్లకు అక్కర్లేకపోయాయి.

ఉప్పల్ డిపో, బుధవారం రాత్రి 12:45

ఇంతసేపూ చదివాను. ఒక్కరూ అవతలివైపు మనిషి గురించి మాట్లాడలేదు, అందుకే రాస్తున్నా. నేను ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ నడుపుతాను. పగలు ఉద్యోగం, పిల్లలు పడుకున్నాక రాత్రి పదిన్నర నుంచి పన్నెండు దాకా లైబ్రరీ. ఆ గంటన్నరలో నా దగ్గరికి వచ్చే పుల్ రిక్వెస్ట్‌లు ఎలా ఉంటాయో చెబుతా. ఎవరో కంపెనీవాళ్లు రెండు మూడు వేల లైన్లు ఒక్క కుప్పగా పంపుతారు. టెస్టులు ఉండవు. కింద 'మా కస్టమర్‌కి అర్జెంట్' అని ఉంటుంది. నాకు రాని భాష, నేనెప్పుడూ చూడని ఫాంటు. అది మెర్జ్ చేస్తే (నా కోడ్‌లో కలుపుకుంటే) రేపట్నుంచి అది నా కోడ్. అవతల ఆయన ఉద్యోగం మారిపోతాడు. (బాధితుడు గారూ, మీ సీనియర్ మారలేదా?) అందుకే కాదని చెప్పలేక, ఔనని చెప్పలేక ట్యాబ్ మూసేస్తాను. పదకొండు నెలల మౌనం అంటే పొగరు అనుకోకండి, భయం.

ఇక మీ ప్యాచ్ సంగతి. అది శుద్ధంగా జావాలో ఉన్న లైబ్రరీ అంటున్నారు. మీరు దానిలోకి సీ ప్లస్ ప్లస్‌లో రాసిన హార్ఫ్‌బజ్‌ని తెచ్చి కూర్చోబెట్టారు. అంటే విండోస్‌కి ఒక బైనరీ, లినక్స్‌కి ఒకటి, మ్యాక్‌కి రెండు. నేనైనా తీసుకోను. ఆ లైబ్రరీ నడిపే ఆయన స్థానంలో ఉంటే మీరూ తీసుకోరు.

ఫర్నిచర్ మొత్తం ఆయన ఇంట్లో దింపకండి అన్నా, ఒక తలుపు అడగండి. 'అక్షరాల వరస ఇస్తాం, ఏ గ్లిఫ్ (అక్షరం బొమ్మ) ఎక్కడ కూర్చోవాలో బయటి కోడ్ చెబుతుంది' అనే ఒక ఇంటర్‌ఫేస్ చాలు. ఎవరూ ఏమీ తగిలించకపోతే పాత పద్ధతే నడుస్తుంది, కాబట్టి ఆయనకు భయం లేదు. మీ హార్ఫ్‌బజ్ మీ దగ్గరే విడి జార్‌గా ఉంటుంది, ప్రతి కొత్త వెర్షన్ మీదా ప్యాచ్‌లు మళ్లీ అతికించే రీబేస్ పని మీకు లేదు. రేపు తమిళం వాళ్లు, ఖ్మేర్ (కంబోడియా భాష) వాళ్లు కూడా అదే తలుపులోంచి వస్తారు. చిట్టి గారు చెప్పిన ఆండ్రాయిడ్ మాడ్యూళ్ల పద్ధతే ఇది, కాకపోతే చిన్న సైజులో.

పంపేటప్పుడు కోడ్ కన్నా ముందు బొమ్మ పెట్టండి. ఎడమ పక్క ఇప్పుడొచ్చే 'లక్ష్మి', కుడి పక్క రావాల్సిన 'లక్ష్మి'. తెలుగు రాని మనిషికి కూడా రెండు సెకన్లలో అర్థమవుతుంది.

స్ప్రింట్ పంతులు, బుధవారం ఉదయం 10:20

వినడానికి బాగుంది డిపో గారూ. ఆ తలుపు పెట్టించేదాకా బిల్లులు ఎవరు ప్రింట్ చేస్తారు? మేనేజర్ల తరఫున ఒక మాట: కస్టమర్‌కి కనబడని పనికి రెండు వారాలు అడిగితే మాకు పైనుంచి వచ్చే మొదటి ప్రశ్న 'దీనికి బిల్ చేయగలమా' అని. అందుకే 'తీసేయండి' అంటాం. ద్వేషంతో కాదు.

నైట్‌షిఫ్ట్ నారదుడు, బుధవారం ఉదయం 10:31

తీసేస్తే వచ్చే ఫోన్లకు బిల్ చేయగలరా మరి?

చిప్‌సెట్ చిట్టి, బుధవారం ఉదయం 11:48

అప్పటిదాకా మోయాల్సిందే, కానీ పద్ధతిగా మోయండి. డెబియన్‌లో ప్రతి ప్యాచ్ పైన నాలుగు లైన్లు రాసే అలవాటుంది: ఎందుకు, ఎవరు, ఏ బగ్ కోసం, పైకి పంపామా లేదా. ఆ ఆఖరి లైనే ముఖ్యం. 'పంపలేదు' అని మన చేత్తో మనం రాసుకుంటే ఎక్కడో గుచ్చుకుంటుంది. 14నీ ఒక్క బ్రాంచ్‌లో కలిపేయకుండా విడివిడిగా ఉంచండి. గిట్‌లో (కోడ్ మార్పుల లెక్క ఉంచే టూల్) రెరెరె అనే సెట్టింగ్ ఆన్ చేసుకోండి, ఒకసారి విప్పిన కాన్‌ఫ్లిక్ట్ ముడి మళ్లీ వస్తే అదే విప్పుతుంది. (పేరు ఏడుస్తున్నట్టు ఉంటుంది గానీ పని మంచిది.)

రీబేస్ విరాగి, బుధవారం మధ్యాహ్నం 12:10

డిపో గారు చెప్పినదానికి నేను ఒప్పుకుంటా. నారదుడు గారికి మాత్రం కాదు. లాగ్4జే రాత్రి మీరు పీకిన క్లాసు, 2.17.0 వచ్చాక ఏమైంది? కొత్త జార్ పెట్టేశారు, మీ ప్యాచ్ చచ్చిపోయింది. దానికి ముగింపు తేదీ ఉంది. వీళ్ల ఆరో ప్యాచ్‌కి లేదు.

నైట్‌షిఫ్ట్ నారదుడు, గురువారం తెల్లవారుజామున 2:58

రెండు సర్వర్లలో ఇంకా పాత జారే ఉంది. క్లాసు పీకేసిందే. ఎవరికీ చెప్పకండి.

వత్తుల బాధితుడు, మూడు వారాల తర్వాత, శనివారం రాత్రి 9:15

అందరికీ థ్యాంక్స్. ఏం జరిగిందో చెబుతా.

మేనేజర్ గారిని వారం రోజులు అడిగి తీసుకున్నా, పది రోజులు అయింది. 14నీ నేలమీద పరిచినట్టు పరిచి ఒక్కోటీ చూశాం. నాలుగు కొత్త వెర్షన్‌లో వాళ్లే ఎప్పుడో సరిచేసేశారు, మేం ఊరికే మోస్తున్నాం. 'ఫైనల్ ఫిక్స్'ని 'ఫైనల్ ఫిక్స్ 2' రద్దు చేస్తోంది, రెండూ తీసేస్తే ఏమీ మారలేదు. ఆరోది దొరికింది. సీనియర్‌కి ఫోన్ చేస్తే నవ్వి చెప్పారు. మొదట్లో వచ్చిన ఒక కస్టమర్ ఎక్కడిదో పాత ఫాంటు పట్టుబట్టి వాడించుకున్నాడట. దాన్లో పాత ట్యాగ్ కిందే రూల్స్ ఉన్నాయి. దాన్ని హార్ఫ్‌బజ్ తనంతట తానే చూసుకుంటుంది, కొత్త ట్యాగ్ లేకపోతే పాతదానికి పోతుంది. కానీ మేం అప్పట్లో ట్యాగ్‌ని చేత్తో తప్పుగా ఇస్తున్నాం, ఆ తప్పుని కప్పడానికి ఆరో ప్యాచ్. ఆ కస్టమర్ ఇప్పుడు మాతో లేడు కూడా.

మిగిలినవి ఏడు. అందులో ఆరు మా విడి జార్‌లోకి వెళ్లిపోయాయి. ఏడోదే తలుపు, 60 లైన్లు కూడా లేదు. పాత పుల్ రిక్వెస్ట్ మేమే మూసేసి, రెండు బొమ్మలు పెట్టి కొత్తది పంపాం. నాలుగో రోజు జవాబొచ్చింది. లైబ్రరీ నడిపే ఆయన జర్మనీలో ఉంటారట, పాతది చూసి భయపడ్డానని ఆయనే రాశారు. (డిపో గారూ, మీ మాటే.) టెస్టులో పెట్టడానికి లైసెన్స్ గొడవ లేని ఫాంటు కావాలన్నారు, నోటో సాన్స్ తెలుగు ఇచ్చాం. కష్టమైన పదాలు ఓ పది పంపమన్నారు. లక్ష్మి, స్త్రీ, రాష్ట్రం, శ్రీకాకుళం, జ్యోత్స్న లాంటివి పంపాం.

ఇంకా మెర్జ్ కాలేదు. సిద్దిపేటలో బిల్లులు మాత్రం పాత వెర్షన్ మీదే, పాత 14 ప్యాచ్‌లతోనే నడుస్తున్నాయి. మేనేజర్ గారు నెలాఖరుదాకా టైమ్ ఇచ్చారు.

నిన్న రాత్రి ఆ జర్మనీ ఆయన దగ్గర్నుంచి ఇంకో ప్రశ్న: 'స్త్రీ'లో త వత్తు, ర వత్తు రెండూ ఉన్నాయి కదా, ర వత్తు పక్కకి రావాలా, త వత్తు కిందికి రావాలా, ఏది సరైనది? నేను పది ఫాంట్లు తెరిచి చూశా, ఒక్కో ఫాంటు ఒక్కోలా పెడుతోంది. అచ్చు పని తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, సోమవారంలోగా ఆయనకు జవాబివ్వాలి.